పస్తుమడిలో పచ్చని వరస

వరి పరిశోధనా క్షేత్రంలో ఆమెను అందరూ ఆకులమ్మ అంటారు. పైరు ఆకు ఎంత పచ్చగా ఉందో పోల్చి చూసే రంగుల పట్టీ ఆమె చేతిలో ఎప్పుడూ ఉంటుంది మరి. నాట్లు వేసే కూలీగా వచ్చి, ప్రైవేటుగా పదో తరగతి గట్టెక్కి, సహాయకురాలైన మనిషి. నోరు పెద్దది, మనసు వెన్న.

ఆమె చూసుకునేది పస్తుమడి. అందులో చిటికెడు యూరియా కూడా వేయరు. చూడ్డానికి వరి రకాలన్నీ ఒకటే. కానీ నేలలోని నత్రజనిని లాక్కోవడంలో, దాన్ని గింజగా మార్చుకోవడంలో దేని పుట్టుక దానిది. ఒకే తల్లి పిల్లల్లోనే ఒకడికి తిన్నది వంటబడుతుంది, ఇంకొకడు ఎంత మింగినా ఎండుపుల్లే కదా! ఆ మడిలో ఆకులమ్మ తానే ఎంచి, ఏటేటా విత్తనం దాచుకొచ్చిన వరస ఒకటుంది. చుట్టూ అన్నీ పసుపెక్కినా అదొక్కటే పచ్చగా నిలబడింది. ఎరువు కొనలేని రైతు కోసమే పుట్టిన రకమని క్షేత్రం నడిపే పెద్ద సార్ దాన్ని రైతులకు విడుదల చేయడానికి పంపబోతున్నారు. ఆకులమ్మ కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

ఆ ఉదయం గట్టు మీద నడుస్తుంటే కాలు దిగబడింది. వంగి గడ్డి తొలగించింది. గట్టులో గొట్టం! అవతలి మడిలోని యూరియా నీళ్ళు నిక్షేపంగా పస్తుమడిలోకి జారుతున్నాయి. మడులకు నీళ్ళు పెట్టేది ఎవరో కాదు, ఆమె మొగుడే.

"ఇది నీ పనేనా?" అవతలి మడికి నీళ్ళు కడుతున్న అతన్ని నిలదీసింది.

అతను పార కింద పెట్టాడు. "మొదటేడు మడంతా పాలిపోతే అన్నం ముందు కూర్చుని ఏడ్చావు. చూడలేకపోయానే. కాసిని నీళ్ళు పోతే ఏమవుతుందిలే అనుకున్నా."

"ఏమవుతుందా? నా కొంప ముంచావు కదయ్యా!"

గొట్టం పీకేసి మట్టి కప్పితే మూడో కంటికి తెలియదు. కానీ ఆ రకాన్ని నమ్మి యూరియా మానేసిన రైతు నోట్లో మట్టే. నిజం చెబితే మొగుడి ఉద్యోగానికి ఎసరు. ఆమెకి ఏడుపు కూడా రాలేదు. నేరుగా వెళ్ళి పెద్ద సార్‌కి చెప్పేసింది.

"పెట్టిందెవరు?"

"మా ఆయనే సార్."

పెద్ద సార్ విడుదల మాట ఇక మరిచిపొమ్మన్నారు. మడి దాకా వచ్చి, గట్టు మీద నిలబడి వరసలన్నీ చూశారు.

"ఆ నీళ్ళు నీ వరస ఒక్కటే తాగిందా?"

"లేదు సార్, మడంతా తాగింది."

"మరి మిగతావి పసుపుగానే ఉన్నాయేం?"

ఆకులమ్మ రంగుల పట్టీని పక్క వరస ఆకుకు ఆనించి చూసింది. ఇంత కంగారులో ఆ సంగతే తట్టలేదు.

"అందిన కాసింతనీ వదలకుండా పట్టుకుందన్నమాట," అన్నారాయన. "అసలేమీ అందకపోతే ఏమవుతుందో తెలియాలి. చుక్క కూడా పోకుండా మళ్ళీ వెయ్యి. ఇంకోసారి ఇలా జరిగితే మీ ఆయన ఇంటికే."

ఇంట్లో మొగుడికి అంతా చెప్పింది. "ఈసారి దాన్ని నిజంగానే పస్తు పెట్టాలి. చచ్చినా సరే, చూస్తూ ఊరుకోవాలి. ఉండగలవా?"

అతను పారకంటిన మట్టి గీకుతూ కూర్చున్నాడు.

"దాన్ని చూస్తూ ఉండగలనేమో. నువ్వు ఏడిస్తే చూస్తూ ఉండలేను. నన్ను వేరే మడికి వేయమని సార్‌కి చెప్పు," అన్నాడు.