గోలెంలో నిమ్మచెట్టు

మా ఊరు దేవరుప్పుల దగ్గర. అక్కడ ఇంటి జాగా దొరది కాబట్టి, ఇంటి ముందు ఎవరు చెట్టు నాటినా అది దొరదే. మా అమ్మ పెంచిన జామచెట్టు తొలి కాపు కాయగానే దొర ఉండే గడీ నుంచి జవాను వచ్చి బుట్టనిండా కోసుకుపోయాడు. నాకు ఒక్క కాయ కూడా మిగల్చలేదు. ఇక జన్మలో నేలలో చెట్టు పెట్టనని అమ్మ ఒట్టు పెట్టుకుంది.

మరుసటి వానల్లో ముంతలో నిమ్మగింజ వేసింది. జవాను చూసి పడీపడీ నవ్వాడు. "వెట్టుకోయె. ముంత నీదే, చెట్టు నీదే. ఎన్ని కాయలు కాస్తదో నేను గూడ జూస్త" అన్నాడు. ఆ మాటను అమ్మ గట్టిగా పట్టుకుంది. ఆ చెట్టు కాయాలి, ఆ కాయలు మావే కావాలి. అంతే ఆమె పంతం.

కుమ్మరి ఇంటికి పోయి, పగులుబారి అమ్ముడుపోని కుండలు అడిగి తెచ్చేది. ముంతలోంచి కుండలోకి మార్చే రోజు నేను పెద్ద మొనగత్తెలా ముందుకు దూకి, మొదలు పట్టుకుని లాగాను. మట్టి ముంతలోనే ఉండిపోయింది. సన్నవేర్లు సగం తెగాయి. అమ్మ వీపు మీద నాలుగు తగిలించింది. ఆ దెబ్బలు న్యాయమైనవేనని ఇప్పటికీ అంటాను. పదిహేను రోజులు ఆకులు రాలుతూనే ఉన్నాయి. అమ్మ రోజూ కొమ్మను గోటితో గీకి, లోపల పచ్చగా ఉందో లేదో చూసేది. ఎట్లాగో బతికింది.

తర్వాత నన్ను చెయ్యి పెట్టనివ్వలేదు, చూడమంది. మార్చే ముందురోజు నీళ్లు పోసేది, మట్టి విడిపోకుండా ముద్దగా ఉండడానికి. కుండ అంచు వెంట కొడవలి మొన తిప్పేది. అప్పటికీ రాకపోతే కుండనే పగలగొట్టేది. "కుండ మల్ల దొరుకుతది. వేరు దొరుకుతదా?" అనేది. పెంకులు ఒక్కొక్కటే తీసి, వేర్ల ముద్దను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తి ఇంకా పెద్ద కాగులోకి దించేది. మొదలు మునుపటి లోతులోనే ఉండాలి. చుట్టూ చెరువుమట్టి, మాగిన మేకపెంట వేసి వేళ్లతోనే అదిమి, వారం పాటు నీడలో ఉంచేది. కాగు కూడా చాలక, పశువులు నీళ్లు తాగే పెద్ద మట్టి గోలెంలోకి మార్చేనాటికి చెట్టు నా భుజాల దాకా వచ్చింది.

ఆ మరుసటి ఏడు దొరల మీద సంఘం లేచింది. దొర జనగామకు పారిపోయాడు. ఇండ్ల జాగాలు మావేనని ఊళ్లో చాటింపు వేశారు.

"అక్కా, ఇంక గోలెం ఎందుకు? భూమిల నాటు" అన్నారు సంఘం వాళ్లు.

అమ్మ రెండు రోజులు ఆలోచించి గొయ్యి తవ్వింది. కానీ ఈసారి గోలెం పగలగొట్టలేదు. ఒరిగించి, వేర్లు నేలలోకి దిగేలా అడుగు మాత్రం ఊడగొట్టి, ఐదుగురి సాయంతో గోలెంతో సహా గోతిలో దించింది. అంచు నాలుగు వేళ్ల ఎత్తున పైకి కనబడేలా వదిలింది. "వాండ్లు మల్లొస్తె?" అంది. అందరూ నవ్వారు. నాకు సిగ్గేసింది.

వాళ్లు మళ్లీ వచ్చారు. మిలిటరీ వెనకాల దొర, దొర వెనకాల జవాను. పంచిన భూములు ఒక్కొక్కటే పోయాయి. ఒక పొద్దున జవాను బుట్టతో మా వాకిట్లోకి వచ్చాడు. చెట్టు నిండా కాయలు.

"జాగా దొరది. పక్కకు జరుగు."

అమ్మ జరగలేదు. "చెట్టు గోలెంల ఉన్నది. గోలెం నాది. గా మాట నువ్వే అన్నవు. కావాల్నంటె లేపుకపో. ఒక్క వేరు తెగొద్దు."

జవాను అంచు పట్టుకుని గుంజాడు. కదల్లేదు. కర్రతో అంచు పక్కన మట్టి గీకి చూశాడు. వేర్లు నేలలోకి దిగాయని అతనికి అర్థమైపోయింది. కర్ర ఎత్తుతాడని నేను అమ్మ వెనక్కి చేరాను. అప్పటికే ఇరుగుపొరుగు ఆడవాళ్లు రోకళ్లతో వచ్చి వాకిట్లో నిలబడ్డారు. సంఘానికి ముందైతే ఒక్కరూ గడప దాటేవారు కాదు.

జవాను వాళ్లను చూశాడు. బుట్ట కింద పెట్టాడు. గొంతు తగ్గించి, "అక్కా, మా ఇంటామె నెల తప్పింది. అన్నం ఇముడుత లేదు. జర రెండు కాయలిస్తవా?" అన్నాడు.

అమ్మ నాలుగు కోసి అతని చేతిలో పెట్టింది. అతను మలుపు తిరిగేదాకా అట్లాగే నిలబడి, తర్వాత నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఏమైందని నేను భయంతో కొంగు పట్టుకుని గుంజాను.

"అడిగిండు బిడ్డా" అంది. "గుంజుకపోలె. అడిగిండు."