గోచి కట్టి ఆడిన గోల్ఫ్

నేను గోల్ఫ్ నేర్చుకున్నది ఒక నులక మంచంతో, గుప్పెడు ముగ్గుపిండితో, పదహారు మూరల నేత చీరతో. ఈ మాట చెప్పగానే నవ్వేవాళ్లుంటారు. నవ్వనివ్వండి. నాకు ముక్కు మీద కోపమని మా ఇంటిల్లిపాదికీ తెలుసు గానీ, ఈ విషయంలో ఎవరు నవ్వినా కోపం రావడం ఎప్పుడో పోయింది. చెప్పడం మాత్రం మానను.

మాది హుజూరాబాద్ దగ్గర వ్యవసాయం చేసుకునే ఇల్లు. ఆసాములమే గానీ, మా అవ్వ, అంటే మా అమ్మ, గట్టు మీద నిలబడి అజమాయిషీ చేసే రకం కాదు. కూలివాళ్లతో పాటు మడిలోకి దిగి కలుపు తీసేది. పెళ్లయ్యాక నేను ఆదిలాబాద్ జిల్లాలో అడవి అంచున కట్టిన ఒక ఫ్యాక్టరీ కాలనీకి వచ్చాను. మా ఆయన అక్కడ ఇంజనీరు. ఫ్యాక్టరీ పేరు చెప్పను, ఆ మనుషుల పేర్లూ చెప్పను. నైజాం పోయి, కొత్త రాష్ట్రం ఏర్పడి, ఏ కాగితం ఏ భాషలో రాయాలో ఆఫీసుల్లో ఇంకా తేలని రోజులవి.

కాలనీలో ఆఫీసర్ల క్లబ్బు, దాని వెనక ఆరు గుంతల గోల్ఫ్ మైదానం ఉండేవి. ఇంగ్లీషు దొరలు వేసుకుని వదిలేసి పోయిన మైదానం. వాళ్ల దేశంలో గుంత చుట్టూ పచ్చగడ్డి పెంచుతారట. మా ఎండలకు గడ్డి ఎక్కడ నిలుస్తుంది? అందుకని ఇక్కడ గుంత చుట్టూ ఇసుక పోసి, వాడేసిన ఇంజన్ ఆయిలు కలిపి, రోలరుతో చదును చేసేవాళ్లు. నల్లగా, అలికిన వాకిలిలా ఉండేది. పచ్చగడ్డిది 'గ్రీన్' అయితే, దీన్ని 'బ్రౌన్' అనేవాళ్లు. ఎవరు నడిచినా దాని మీద అడుగులు పడేవి. అందుకని గోనెపట్టా కట్టిన కర్రతో దాన్ని సాపు చేయడానికి కూలి ఆడవాళ్లుండేవాళ్లు. గుంతలోకి కొట్టే ముందు బంతికీ గుంతకీ మధ్య దారిని వాళ్లు ఒకసారి పట్టా లాగి సాపు చేసి ఇవ్వాలి. అది అక్కడి ఆటలో పద్ధతి.

బుధవారం ఆడవాళ్ల రోజు. పెద్ద మేనేజరు భార్య లేడీస్ కెప్టెన్. కృష్ణా జిల్లా వైపు నుంచి వచ్చిన మనిషి, చదువుకున్నది, ఆట బాగా ఆడేది. ఆ మాట నేను దాచను. మా ఆయనకు ఎవరో బదిలీ మీద వెళ్తూ కొన్ని పాత బంతులు, మూడు కర్రలిచ్చి పోయారు: దూరం కొట్టే చెక్కతల కర్ర, ఇనుప కర్ర, గుంతలోకి తోసే పుట్టర్. ఆయన వాటిని ముట్టలేదు. నేను పట్టుకుపోయాను. మొదటి బుధవారమే, అందరి ముందు, కర్ర వెనక్కి ఎత్తి తిప్పేసరికి చీర కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుని బోర్లా పడ్డాను. బంతి పెట్టిన చోటే ఉంది. నేను మాత్రం రెండు గజాలు ముందుకు పోయాను. కెప్టెన్ నవ్వు ఆపుకుంటూ, "మీకు క్యారమ్స్ బావుంటుందేమోనండీ," అంది.

ఒళ్లు మండింది. ఇంటికొచ్చి మోకాళ్లకు పసుపు రాసుకుంటూ, "వచ్చే యేడు ఆడోళ్ల కప్పు నాదే," అని మా ఆయనతో అన్నాను.

ఆయన పేపరు దించకుండానే, "ముందుగాల నిలబడుడు నేర్చుకో," అన్నారు.

సరే, నిలబడడం దగ్గరి నుంచే మొదలుపెట్టాను. పెరట్లో నులక మంచాన్ని గోడకు నిలబెట్టి, దాని ముందు ఎనిమిదడుగుల దూరంలో నిలబడి ఇనుప కర్రతో బంతి కొట్టేదాన్ని. పక్కన వంద చింతగింజలు పోసుకుని, ఒక్కో దెబ్బకు ఒక్కో గింజ అవతలికి జరపడం. గింజలన్నీ ఇటు నుంచి అటు పోయేదాకా పొయ్యి ముట్టించేదాన్ని కాదు. ఆ వేసవిలో మా ఆయన ఎన్నిసార్లు అన్నం కోసం పెరట్లోకి తొంగిచూసి వెనక్కి పోయారో ఆయనకే తెలియాలి.

పుట్టర్ సంగతి వాకిట్లో తేల్చుకున్నాను. పేడనీళ్ల సాన్పు చల్లి ఆరిన నేల గట్టిగా, బ్రౌన్ లాగే ఉంటుంది. అక్కడ ఇత్తడి చెంబును అంచుదాకా పూడ్చి, దానికీ బంతికీ మధ్య ముగ్గుపిండితో తిన్నగా ఒక గీత పోసేదాన్ని. మట్టికి ఎర్రబడిన పాత బంతిని ఆ గీత మీదుగా కొట్టి, చేతిలోకి తీసుకుని చూసేదాన్ని. తిన్నగా దొర్లితే బంతి నడుం చుట్టూ సన్నటి తెల్లగీత ఒక్కటే పడుతుంది. మణికట్టు వంకర పోతే ఆ గీత ఒక పక్కన అంటుకుని ఆగిపోతుంది. ఈ ఉపాయం ఎవరూ చెప్పింది కాదు. ఒక పొద్దున ముగ్గేస్తూ నేనే కనిపెట్టాను. ఏ దొరకూ తట్టి ఉండదు.

ఇంత చేసినా దూరం రాలేదు. చీరలో నడుం తిరగదు. కాలు చాపితే కుచ్చిళ్లు లాగుతాయి. ఎంత బలం పెట్టినా బంతి మైదానంలో సగం దూరానికే చతికిలబడేది.

వానకాలం కోతలయ్యాక అవ్వ వచ్చింది. అవ్వది గోచి చీర. కుచ్చిళ్లను కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీసి నడుం దగ్గర దోపి, మోకాళ్ల కిందిదాకా కట్టేది. పొలం పనికి పోయే మా వైపు ఆడవాళ్లంతా అట్లాగే కడతారు. కాలనీలో మాత్రం గోచి అంటే కూలివాళ్ల కట్టు. ఆఫీసర్ల ఇళ్లలో ఎవరూ కట్టరు. కాపురానికి వచ్చిన నెలలోనే నేనూ ఆ తేడా నేర్చుకున్నాను.

అవ్వ పెరటి గడప మీద కూర్చుని నా ఆట చూసింది.

"ఏందే గిది?"

"ఆట అవ్వా."

"ఆటనా? పామును కొడుతున్నవేమో అనుకున్న." ఇంకో దెబ్బ చూసి మళ్లీ అంది, "కాళ్లు కట్టేసుకుని కట్టె తిప్పుతె ఏమొస్తది? గోచి పెట్టు."

"గోచి పెట్టుకుని క్లబ్బుకు పోతె నన్ను కూలిదాన్ననుకుంటరు," అని కసిరాను.

"కూలి చేసుడు తప్పా?" అంది. నేను ఇంకో బంతి పెట్టుకున్నాను.

అయినా అవ్వ ఊరుకోలేదు. రెండు రోజులు చూసి నా అసలు తప్పు పట్టేసింది. "బంతి పోయినంక సూడాలె గని, పోకముందే సూస్తున్నవ్. కొడవలి పట్టినప్పుడు గిట్ల తల లేపితె ఏలు తెగుతది," అంది. అవ్వ పొడుగు మనిషి. కర్ర తగలనంత దూరంలో ఎదురుగా నిలబడి, చెయ్యి చాపి, అరచేతిని నా నడినెత్తి మీద ఆనించేది. కొట్టేటప్పుడు నా తల ఆ చేతి కింద నుంచి కదిలితే నెత్తి మీద ఒక్కటి పడేది. పది రోజుల్లో తల నిలబడింది.

ఆ పదో రోజు సాయంత్రం కెప్టెన్ మా ఇంటికి చాయ్‌కి వచ్చింది, కప్పు పోటీకి పేర్లు రాసుకోవడానికి. ఆమె వచ్చే ముందు నేను అవ్వను పెరట్లోనే ఉండమన్నాను. ఈ నోటితోనే అన్నాను. చాయ్ తాగుతూ కెప్టెన్ కిటికీలోంచి పెరట్లోకి చూసింది. అవ్వ వంగి నా బంతులు ఏరుతోంది.

"కొత్త పనిమనిషా? మంచి బలంగా ఉందే. మాకూ ఎవరినైనా చూసి పెట్టమనండి," అంది.

'మా అవ్వ' అనాలి నేను. అంతే, ఇంకేమీ అక్కర్లేదు. "ఊరి నుంచి వచ్చింది," అన్నాను.

కిటికీ తెరిచే ఉంది. కెప్టెన్ వెళ్లాక లోపలికి వచ్చి చూస్తే అవ్వ చాయ్ కప్పులు కడుగుతోంది. "నేను కడుగుత, నువ్వు లే అవ్వా," అన్నాను.

"ఉండనీ. ఊరి నుంచి వచ్చిన గద," అంది.

ఆ రాత్రి నా మీద నాకే అసహ్యం వేసింది. ఇక కప్పు గెలవడం ఒక్కటే కాదు నాకు కావలసింది. ఆ కెప్టెన్ ముందు, ఆ క్లబ్బు ముందు, నేనెవరి బిడ్డనో కనబడాలి. మింగిన ఆ మాట బయటికి రావాలి. అది జరిగేదాకా నాకు మనశ్శాంతి లేదని తెలిసిపోయింది.

తెల్లవారి నేనే అవ్వ పెట్టె తెరిచి చీర తీసి, గోచి కట్టమని అడిగాను.

"నా కోసమైతె వద్దు. కాలు ఆడుతదని కట్టుకుంటె కట్టుకో," అంది.

"రెండిటి కోసం," అన్నాను.

"గట్లయితె దా."

మా ఊరి మగ్గం మీద నేసిన ముతక చీర. మిల్లు చీరైతే దోపినది జారిపోతుంది, ఇది కరుచుకుని ఉంటుంది. కాళ్లకు అవ్వ చెప్పులు వేసుకున్నాను. ఊళ్లో కుట్టినవి, అడుగున మేకులు, ఇసుకలో జారవు. నిలబడి, కాళ్లు ఎడం చేసి, నడుం పూర్తిగా తిప్పి కొట్టాను. బంతి నులక తెంపుకుని పోయి గోడకు తగిలింది. అవ్వ మంచం వైపు చూసి, "గిది మళ్ల నువ్వే అల్లాలె," అంది. నెలన్నర అట్లాగే ఆడాను. మంచం మూడుసార్లు అల్లాను. యాసంగి నాట్లకు అవ్వ వెళ్లిపోయింది. చీర, చెప్పులు నాకు వదిలి, నా చెప్పులు వేసుకుని పోయింది.

పోటీ పొద్దున మా ఆయన నన్ను కిందికీ మీదికీ చూశారు. "గిట్లనే పోతవా?"

"గిట్లనే."

"మేనేజరు నన్ను పరేషాన్ చేస్తడేమో."

"మీ పని మీరు మంచిగ చేస్తరు. ఫికర్ ఎందుకు?" అన్నాను. ఆయన కర్రల సంచి తీసి నా భుజానికి తగిలించారు. ఆ మనిషి నాకు అంతకంటే ఏం చేయాలి?

మొదటి గుంత దగ్గర కెప్టెన్ ముఖం గంటు పెట్టుకుంది. "ఏమిటండీ ఈ వేషం? మర్యాదైన దుస్తుల్లోనే ఆడాలని బోర్డు మీద రాసి ఉందిగా."

కొంచెం దూరంలో పట్టా పట్టుకుని నిలబడిన కూలి ఆమెను చూపించాను. నా కంటే పదేళ్లు పెద్ద, పక్క ఊరి మనిషి, మోకాళ్లదాకా గోచి. "గామె గోచితోనే మీ బ్రౌన్లన్ని సాపు చేస్తది. ఇన్నేండ్లల్ల మీ మర్యాద ఏమన్న తగ్గిందా?"

"ఆడుకోండి. మీ దెబ్బలు మాత్రం కార్డులో రాయం."

"రాయకుండ్రి. నేను యాదికుంచుకుంట."

వాళ్ల గుంపు వెనక ఒక్కదాన్నే ఆడాను. దెబ్బకు ఒక చింతగింజ కొంగులో వేసుకుంటూ పోయాను. కాళ్లు నా మాట విన్నాయి. బోర్లా పడ్డ చోటు దాటి బంతి ఎంత దూరం పోయిందో, అక్కడిదాకా నడవడానికే నాకు ఆయాసం వచ్చింది. ఆరో గుంతకు వచ్చేసరికి కెప్టెన్ ఆట ముగిసింది. ముప్పై ఒక్క దెబ్బలకు అయ్యిందని వాళ్లు చప్పట్లు కొడుతున్నారు. నా కొంగులో ఇరవై తొమ్మిది గింజలున్నాయి. బంతి గుంతకు పదడుగుల దూరంలో ఉంది. ఈ ఒక్కటీ పడితే ముప్పై.

కానీ ఆ పదడుగుల నిండా వాళ్ల నలుగురి చెప్పుల గుర్తులే. కెప్టెన్ కూలి ఆమెతో, "పోటీ అయిపోయింది. పట్టా లోపల పెట్టేయ్," అంది.

ఆమె కెప్టెన్‌ను చూసింది. నా కట్టు చూసింది. వచ్చి, నా బంతి దగ్గర పట్టా దించి, గుంతదాకా మెల్లగా లాగింది. వెనక్కి వచ్చి ఇంకోసారి లాగింది. మా వాకిట్లో నేను పోసే ముగ్గు గీత అంత తిన్నగా ఉంది ఆ దారి. నడినెత్తి మీద అవ్వ చెయ్యి ఉందనుకుని కొట్టాను. తల ఎత్తలేదు. గుంతలోని రేకు డబ్బా మోగాకే చూశాను. బంతి తీస్తే దాని నడుం చుట్టూ నూనె గీత, నల్లగా, ఒక్కటే.

"రాయకండి," అంది కెప్టెన్ కార్డు పట్టుకున్న ఆమెతో.

కూలి ఆమె పట్టా చుట్టుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా, "పడ్డది. నేను సూసిన," అంది.

కప్పు కెప్టెన్‌కే పోయింది. బోర్డు మీద ఆమె పేరే రాశారు. ఇప్పటికీ ఉండొచ్చు. నాకు దిగులు లేదు. మర్నాడు కూలి ఆమెను పనిలోంచి తీసేస్తారన్న మాట వచ్చింది. తీస్తే బుధవారాలు పట్టా నేనే లాగుతానని, గోచి ఎట్లాగూ కట్టుకునే ఉన్నానని కబురు పంపాను. ఇంజనీరు భార్య పట్టా లాగితే క్లబ్బు మర్యాద ఏమవుతుందో వాళ్లే ఆలోచించుకున్నారు. ఆమెను తీయలేదు.

నాట్లు ముగిశాక అవ్వ వేములవాడలో మొక్కు తీర్చుకుని, ప్రసాదం పట్టుకుని మళ్లీ వచ్చింది. వచ్చిన మర్నాడే బుధవారం. ఇద్దరం గోచి చీరలతో క్లబ్బు ముందు మెట్లెక్కాం. పెరటి దారి లేదా అని అవ్వ అడిగింది. ఉంది, మనం అటు పోము అన్నాను. వరండాలో ఆఫీసర్ల భార్యలంతా చాయ్ తాగుతున్నారు. ఖాళీగా ఉన్న పేము కుర్చీ లాగి అవ్వను కూర్చోబెట్టాను.

కెప్టెన్ లేచి దగ్గరికి వచ్చింది. అవ్వను గుర్తుపట్టింది. "ఈవిడ..." అని ఆగింది.

"మా అవ్వ," అన్నాను. అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. అందరి చేతుల్లో కప్పులు ఆగాయి. "మా అవ్వ," అని మళ్లీ అన్నాను.

"ఒక్కసారి చెప్తె ఇనవడదా గామెకు?" అని అవ్వ నా కొంగు పట్టి లాగింది.

"రెండోది గామె మనింట్ల చాయ్ తాగిన నాటిది," అన్నాను.

అవ్వ నన్ను కాసేపు చూసింది. తను వేసుకున్న నా చెప్పులు విడిచి పక్కన పెట్టి, కాళ్లు రెండూ కుర్చీ మీదికి తీసుకుని, ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుంది.