నొక్కుడత్త పట్టుకున్న పగులు

జిమ్నాస్టిక్స్ హాలు పక్కన పాత పరుపులు దాచే గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ వేసుకుని ఇరవై రెండేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్న ఆవిడను పిల్లలు నొక్కుడత్త అంటారు. ఎదురుగా వట్టి అత్తే. వెనకాల ఏమంటారో ఆవిడకూ తెలుసు. బల్లెక్కి కుదురుగా పడుకుంటే చాలు, ఏమన్నా అననీ అనుకుంటుంది.

ఆ ఏడు ఆవిడ బుర్ర తొలిచేసింది ఒక పదమూడేళ్ల పిల్ల నడుము. ఆ పిల్లను అందరూ పిచ్చుక అంటారు. నాలుగు నెలలుగా నడుం నొప్పి. ఎదిగే వయసులో మామూలే అన్నాడు కోచ్. ఎముకల డాక్టరు ముందుకు వంగమంటే, పిచ్చుక అరచేతులు నేలకానించి, మోకాళ్ల మధ్యలోంచి తల బయటపెట్టి ఆయన్ని చూసి నవ్వింది. "నాకన్నా నయంగా ఉంది" అని ఆయన పంపేశాడు. ఎక్స్‌రేలోనూ ఏమీ లేదు. మూడు వారాల్లో జట్టు ఎంపిక.

కాపడానికీ విశ్రాంతికీ లొంగని నొప్పి ఊరికే రాదని నొక్కుడత్త పట్టుబట్టింది. కోచ్‌నీ, పిచ్చుక తల్లినీ కూడా గదిలోకి పిలిచింది.

"అందరూ ముందుకే వంగమన్నారు. ఇది రోజంతా వంగేది వెనక్కి కదా. ఒంటికాలి మీద నిలబడి, ఇదిగో ఇలా..."

చూపించబోయి సగంలో బిగుసుకుపోయింది. యాభై రెండేళ్ల నడుము మరి.

"అత్తా, లాగనా, నెట్టనా?" అంది పిచ్చుక.

"రెండూ వద్దు. కుర్చీ ఇటు జరుపు."

అలా కూలబడ్డ ఆవిడ కళ్లు పిల్ల పాదాల ఎత్తుకు దిగాయి. పిచ్చుక కుడికాలి మీద వంగింది. ముఖం నిండా నవ్వు. ఎడమకాలి మీద వంగింది. అదే నవ్వు, కానీ కాలివేళ్లు మాత్రం పరుపును గట్టిగా పట్టేశాయి.

"జడ్జీలు ఇంటికెళ్లిపోయారమ్మా" అంది నొక్కుడత్త మెల్లగా. "ఆ నవ్వు దించేసి నిజం చెప్పు."

పిచ్చుక నవ్వు దించేసింది. "వెనక్కి వంగితే ఎడమ పక్క పొడుస్తుంది. గెంతి దిగినప్పుడు ఇంకానూ."

"నాకైనా చెప్పలేదేమే?" అంది తల్లి.

"చెబితే పేరు కొట్టేస్తారుగా."

కోచ్ తల గోక్కున్నాడు. నొప్పి ముఖంలో కనబడకూడదని నేర్పింది ఆయనే. అయినా ఆశ చావక, "ఎంపిక అయ్యాక చూద్దాం మేడమ్" అన్నాడు.

"ఎముకలో చిన్న పగులైతే ఇప్పుడు అతుక్కుంటుంది. నాన్చితే అతుక్కోకపోవచ్చు. ఆ తర్వాత ఎంపిక చేసుకోడానికి పిల్లే ఉండదు మీకు."

మర్నాడు నొక్కుడత్త నడుం మీద చెయ్యేసుకుని, తల్లీకూతుళ్లను వెంటబెట్టుకుని అదే డాక్టరు దగ్గరికి వెళ్లింది. కౌంటరు దగ్గరమ్మాయి ఆవిణ్ణి ఎగాదిగా చూసి చీటీ ఆవిడ పేరునే రాసేసింది. దిద్దించుకుని లోపలికి వెళ్తే డాక్టరూ అలాగే పొరబడ్డాడు.

"నొప్పి మీకేనా?"

"నాది వయసండీ. దీన్ని వెనక్కి వంచి చూడండి, ఎక్స్‌రేకి అందనిది ఏదో ఉంది."

ఆయన వంచి చూశాడు, నవ్వడం మానేసి స్కాను రాశాడు. నడుం కింది వెన్నుపూసలో, ఎడమ పక్క, వెంట్రుకంత పగులు కనబడింది. వేలసార్లు వెనక్కి వంగి వంగి తెచ్చుకున్నది. కనీసం మూడు నెలలు గెంతకూడదు, వెనక్కి వంగకూడదు.

ఆ సాయంత్రమే కోచ్ తన చేత్తోనే జాబితాలో పిచ్చుక పేరు కొట్టేశాడు. తర్వాత మిగిలిన ఏడుగురినీ నొక్కుడత్త గది ముందు వరసగా నిలబెట్టి, "ఒక్కొక్కర్నీ చూడండి మేడమ్, నేను బయటే ఉంటా" అన్నాడు.

పిచ్చుక మాత్రం ఆవిడతో మాటలు మానేసింది.

"మాట్లాడకపోతే మానెయ్" అంది నొక్కుడత్త. "పొట్ట కండరాలు గట్టిపడాలి. రేపు ఆరింటికి వచ్చెయ్."

పిచ్చుక ఆరుంబావుకి వచ్చింది. మూతి ముడుచుకునే బల్లెక్కింది.

"ఊపిరి బిగబట్టకు. ఒకటి" అని మొదలుపెట్టింది నొక్కుడత్త.