పక్కటెముకల కింద చిన్న తల

పరదా వెనక రెండు అరచేతులు రుద్దుకుంటున్న చప్పుడు. గాలికి చెరకు ఆకులు ఒకదాన్నొకటి ఒరుసుకున్నట్టుంది. బల్ల మీద పడుకుని వింటున్నాను. చలి ముదిరిన రోజులు. చోడవరం దగ్గర మా ఊరి ఆరోగ్య కేంద్రంలో గోడలు కూడా చల్లగా ఊపిరి తీస్తున్నాయి.

పరదా పక్కకి తొలగించి సంధ్యారాణి వచ్చింది. మా ఊరి నర్సు. వడ్డాది నుంచి రోజూ స్కూటీ మీద వస్తుంది. చేతులు వెచ్చబడితే గాని ఏ తల్లి కడుపునూ తాకదు.

"సల్లటి సెయ్యేస్తే లోపలున్నోళ్ళు ఉలిక్కిపడతారు," అంటుంది.

నాకు తొమ్మిదో నెల. ఆ సాయంత్రం నన్ను పుట్టింటికి తీసుకెళ్ళాలని మా అమ్మ నూకరత్నం చలిమిడి డబ్బాతో వచ్చింది. మా పుట్టిల్లు దేవరాపల్లి దాటాక, కొండ కింద. చీకటి పడితే అక్కడికి బస్సు లేదు.

"లోపలోడు కిందకి తన్నేస్తన్నాడు నర్సమ్మా! తొందర్లో వచ్చేస్తాడు," అంది అమ్మ సంబరంగా.

"కిందకా?" సంధ్యారాణి పెదవుల మీద నవ్వు అలాగే ఉంది. కళ్ళు మాత్రం నా కడుపు మీద నిలిచాయి.

ఆమె చేతులు ముందు నా పక్కటెముకల కిందకి వెళ్ళాయి. అక్కడ గుండ్రంగా, గట్టిగా ఉన్నదేదో మెల్లగా కదిపి చూశాయి. పక్కకి జారి, బిడ్డ వీపు వెంట నడిచి, పొత్తికడుపు దగ్గర ఆగాయి. చాలాసేపు కదల్లేదు. రోడ్డు మీద చెరకు ట్రాక్టరు ఒకటి మోతగా వెళ్ళిపోయింది.

"తల పైనుందప్పా. బిడ్డ లోపల కూకుంది. అందుకే కిందకి తన్నుతంది. ఇప్పుడు కొండ కిందకి తీసుకెళ్ళిపోతే, నొప్పులొచ్చినప్పుడు ఆస్పత్రికి ఎలాగొస్తారు? ఇవాళే అనకాపల్లి ఎల్లి స్కాన్ తీయించండి."

అమ్మ ముఖం వాడిపోయింది. "తొలి కాన్పు పుట్టింట్లో కాకపోతే నలుగురూ ఏటంటారు? మా ఊళ్ళో మంత్రసాని అచ్చియ్యమ్మ నూనె రాసి తిప్పేస్తాది."

"వొద్దు. మాయ ఎక్కడుందో, బొడ్డుతాడు ఎక్కడుందో ఆ నూనెకేటి తెలుస్తాది?"

అంతే అంది. గొంతు పెంచలేదు. అమ్మ చెయ్యి తన చేతుల మధ్య పెట్టుకుని, అదీ వెచ్చబడ్డాక, నా పక్కటెముకల కింద ఆనించింది.

"మెల్లగా కదుపు. గట్టిగుంది కదా? నీ మనవడిదో, మనవరాలిదో తల."

చెరకు నరికి నరికి మొద్దుబారిన అమ్మ అరచేతి కింద ఆ చిన్న తల అటు వెళ్ళి ఇటు వచ్చింది. అమ్మ కళ్ళు నిండిపోయాయి.

"ఇంకా పుట్టనేదు... అప్పుడే నాకు తలూపుతందే," అంది. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుంది. "పదవే, అనకాపల్లి పోదాం."

స్కాన్‌లోనూ అదే కనిపించింది. తిరిగితే తిరగొచ్చు, ఆస్పత్రికి దగ్గరలోనే ఉండండి అన్నారు డాక్టరు. అనకాపల్లిలో చుట్టాలింట్లో దిగాం. అమ్మ పొయ్యి ముందు కూర్చున్నాక ఆ పరాయి వంటగదే నాకు పుట్టిల్లయింది. బిడ్డ తిరగలేదు. ఒక తెల్లవారుజామున ఉమ్మనీరు పోయింది. ఆటో ఎక్కి ఆస్పత్రికి చేరేసరికి ఇంకా పూర్తిగా వెలుగు రాలేదు. ఆపరేషన్ చేసి పాపని తీశారు. అదే కొండ కింద ఉండి ఉంటే... ఆ వాక్యం నేనెప్పుడూ పూర్తి చేయను.

సంధ్యారాణి తన చేతులతో ఎన్ని తలలు తడిమిందో ఆమెకే గుర్తులేదు. కానీ సంతలో మీసాలొచ్చిన కుర్రాడెవడైనా నమస్కారం పెడితే చాలు, "నువ్వు అడ్డంగా పడుకున్నోడివి కదరా! మీ అమ్మని, నన్ను ఎంత ఏడిపించేవురా!" అని అందరి ముందూ పరువు తీస్తుంది. వాడు సిగ్గుపడి నవ్వుతాడు.

మేం ఊరికి తిరిగొచ్చాక, పాపని తూకం వెయ్యడానికి ఆమె మా ఇంటికి వచ్చింది. బరువు చూసి, బొడ్డు చూసి, దుప్పటి చుట్టి నా ఒళ్ళో పెట్టింది. రెండు చేతులూ జోడించబోయాను.

"దండాలు తరవాతెట్టొచ్చు గాని, ముందు పాలియ్యే. సూడు, ఆకలేసి గుప్పిలి నాకేస్తంది!"