ఎర్ర రుమాలు

నాకు ఈత నేర్పింది మా మేనమామ. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. తర్వాత పెద్ద పెద్ద పోటీల్లో గెలిచాను, మెడలో దండలు పడ్డాయి, అయినా ఆ కోపం కరగలేదు.

బాన్సువాడలో మా చిన్నప్పుడు నిజాంసాగర్ కాలువ కొత్తది. నీళ్లొచ్చాక జొన్న చేలు వరిమళ్లయ్యాయి, చెరుకు తోటలు లేచాయి. మామ పటేలు భూమిని కౌలుకు చేసేవాడు. కాలువ చివరన, నీళ్లు అందీ అందని మడి మామ వంతుకు వచ్చింది. పొద్దున్నే మోట కట్టకముందు నన్ను బావి దగ్గరికి తీసుకుపోయి, నడుముకు రెండు ఎండిన ఆనపకాయ బుర్రలు కట్టి నీళ్లలోకి తోసేవాడు. కొన్నాళ్లకు ఒక బుర్ర విప్పేశాడు, ఇంకొన్నాళ్లకు రెండోదీ విప్పేశాడు. ఆ తర్వాత కాలువలో దింపాడు.

అసలు శిక్షణ అక్కడే. చెక్కు తీసిన చెరుకు ముక్క నా పళ్ల మధ్య పెట్టి, పెదవులు మూసుకొని ప్రవాహానికి ఎదురీదమనేవాడు. తీపి నోట్లో ఊరుతుంటే నమలకుండా ఉండటం ఎంత కష్టమో చెరుకు తిన్నవాళ్లకే తెలుసు. గట్టెక్కాక ముక్క బయటికి తీసి చూసేవాడు. పంటిగాటు కనిపిస్తే మళ్లీ మొదటికి. కనిపించకపోతే ముక్క నాదే.

"నోరు తెర్వకు అల్లుడా. నీళ్లల్ల నోరు తెరిసినోడు సగం ఓడినట్టే," అనేవాడు.

ఆయన ఏం చెబితే అదే నాకు వేదం. అయ్య లేని పిల్లవాణ్ణి, నాకు మామే అన్నీ.

ఒక ఏడాది కాలువలు చూసే పెద్ద సాబు మా ఊరి వంతెన దగ్గర డేరా వేశాడు. ఆయనకు ఈతంటే పిచ్చి. ఊరి పిల్లల్లో ఎవరు గట్టిగా ఈదితే వాణ్ణి పట్నం తీసుకుపోయి, తిండి పెట్టి, చదువు చెప్పించి, అక్కడి పెద్ద హౌజులో ఈత నేర్పిస్తానన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. వడపోతలు అయ్యాక ఇద్దరం మిగిలాం, నేనూ, పటేలు కొడుకూ.

దూరం నుంచి గుర్తుపట్టడానికి అతనికి ఎర్ర రుమాలు, నాకు పసుపు రుమాలు ఇచ్చారు. మా వైపు రుమాలే మనిషి. పొలం గట్టు మీద వచ్చేది ఎవరో ముఖం చూసి కాదు, తలకు చుట్టిన రుమాలు చూసి చెప్పేవాళ్లం. ఊరంతా సాబుతోపాటు వంతెన మీద నిలబడింది. మేము దిగాల్సింది ఎగువన తూము దగ్గర, ముందుగా వంతెన దాటినవాడిదే గెలుపు. అక్కడికి మాతో వచ్చింది మామ ఒక్కడే.

నీళ్లలో దిగబోతుంటే ఆయన నా తల మీది రుమాలు విప్పాడు. "ఇది వదులుగున్నది. గిది కట్టుకో," అని పటేలు కొడుకు తల మీది ఎర్రది తీసి నాకు చుట్టాడు. పసుపుది పటేలు కొడుక్కి కట్టాడు. నేను ఎందుకని అడగలేదు. మామ చుట్టమంటే పామునైనా చుట్టుకునేవాణ్ణి.

వంతెన కింద నుంచి నేను ముందు దాటాను. పటేలు కొడుకు చాలా వెనకబడ్డాడు. పైన జనం అరుస్తుంటే అది నా కోసమే అనుకున్నాను. ప్రవాహం మమ్మల్ని వంతెనకు కనబడని మలుపు దాకా లాక్కుపోయింది. మేము గట్టెక్కేసరికి మామ పరుగున వచ్చి ఉన్నాడు. నా తల తన ధోవతి చెంగుతో తుడిచాడు. తుడుస్తూనే ఎర్ర రుమాలు తీసి పటేలు కొడుకు తలకు చుట్టాడు. పసుపుది నా భుజాన వేశాడు.

అప్పుడర్థమైంది. "మామా," అన్నాను.

ఆయన నా కళ్లలోకి చూడలేదు. "నోరు తెర్వకు అల్లుడా," అన్నాడు.

వంతెన మీద సాబు "లాల్ రుమాల్ వాలా", ఎర్ర రుమాలువాడు, అంటూ పటేలు కొడుకును దగ్గరికి తీసుకున్నాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని సామెత. నా నడుముకు కట్టిన బుర్రలు గట్టివే, కట్టిన చెయ్యే పుచ్చింది.

ఆ సాయంత్రం మామ మా ఇంట్లోనే అన్నం తిన్నాడు. "ఎట్ల ఓడిండు రా తమ్మీ?" అని అమ్మ అడిగింది. "జర్రంతల పోయింది అక్కా," అన్నాడు, ముద్ద కలుపుతూ. అమ్మ నా తల నిమిరి, "పోనీ బిడ్డా," అంది. ఓడినందుకు ఓదార్చింది. నేను గెలిచి వచ్చానని ఆమెకు చివరిదాకా తెలియదు.

తర్వాతి నాట్లకు తూము పక్కన, నీళ్లు ముందుగా పారే పటేలు మడి మామ చేతికి వచ్చింది. పటేలు కొడుకు దసరా దాటకముందే తిరిగొచ్చాడు. పట్నం నీళ్లు పడలేదట.

నేను పట్నం చేరడానికి ఏళ్లు పట్టింది. మూటలు మోసి పొట్ట పోసుకుంటూ, ఖాళీ దొరికినప్పుడల్లా ఈదాను. గెలవడం మొదలుపెట్టాక ఒకసారి మామ వెతుక్కుంటూ వచ్చాడు. ముసలివాడైపోయాడు. సంచిలో నాకోసం చెరుకు ముక్కలు తెచ్చాడు.

"ఆనాడు గెల్సింది నువ్వేనని నాకెర్క లేదా అల్లుడా," అన్నాడు.

"నీకు ఎరుకే కదా మామా, అదే నా బాధ," అన్నాను. ఆయన సంచి అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. నేను వెనక్కి పిలవలేదు.

దండలు వేసినవాళ్లు నీ గురువెవరని అడిగేవారు. ఎన్నిసార్లు అడిగినా నేను నోరు తెరవలేదు. ఆ విద్య కూడా ఆయన నేర్పిందే.