బావ అడిగిన కాలిబర్

శనివారం పొద్దున ఇండియాకు ఫోన్ చేయడం అప్పట్లో నా అలవాటు. లండన్ పక్కన ఇల్ఫర్డ్‌లో స్నేహితుడి ఇంటికి వెళ్ళినప్పుడల్లా అక్కడి దుకాణంలో నాలుగైదు కాలింగ్ కార్డులు కొని తెచ్చుకునేవాణ్ణి. కేంబ్రిడ్జ్‌లో మా ఫ్లాట్ కిటికీ పక్కన నిలబడి, కార్డు మీది అంకెలు నొక్కి, అక్కతో ఒక అరగంట మాట్లాడేవాణ్ణి. ఆ రోజు ఫోన్ బావ ఎత్తాడు. ఎప్పుడూ రెండు ముక్కలు మాట్లాడి అక్కకు ఇచ్చేసే మనిషి, ఆ రోజు ఇవ్వలేదు.

"లైసెన్సు వచ్చిందప్పా. ఇంగ ఏది కొనాలనేది నువ్వే కనుక్కొని చెప్పాల. ఈడ ఒక్కొక్కడు ఒక్కో మాట చెప్తాండాడు. నీకు ఆడ ఇంటర్నెట్ ఉండాది గదా."

ఏ లైసెన్సో అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. రివాల్వర్ లైసెన్సు.

బావ పశువుల డాక్టరు. అనంతపురం వైపు పల్లెల్లో మోటారు సైకిలు మీద తిరిగి వైద్యం చేసేవాడు. అంతకు ముందు ఏడాది ఒక ఊళ్ళో గేదెను చూస్తుండగా, కొట్టం గోడ అవతల రోడ్డు మీద ముగ్గురు కలిసి ఒకణ్ణి నరికారు. చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు. పోలీసులు వచ్చేసరికి అందరూ తాము ఊళ్ళోనే లేమన్నారు. బావ మాత్రం ఉన్నానన్నాడు, చూశానన్నాడు, ముగ్గురినీ గుర్తుపడతానని రాసిచ్చాడు. అప్పటి నుంచి ఇంటికి ఫోన్లు. ఎవరో మాట్లాడేవాళ్ళు, ఎంతో మర్యాదగా, "డాక్టరు గారూ, మీకు కండ్లు సరిగా ఆనవు గదా" అని అడిగేవాళ్ళు. చివరికి పోలీసులే ఆయన్ను లైసెన్సుకు అర్జీ పెట్టుకోమన్నారు.

అక్క ఇవేవీ నాకు చెప్పలేదు. దూరంలో ఉన్నవాణ్ణి ఎందుకు బాధపెట్టాలని అనుకుందట.

సరే కనుక్కుంటానన్నాను. ఆదివారమంతా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. దొరికినవన్నీ అమెరికా వాళ్ళ రాతలు. రోజూ నడుముకు పెట్టుకు తిరగడానికి ఏ కాలిబర్, అంటే ఏ లావు తూటా మేలు, నైన్ ఎం.ఎం. మంచిదా, ఫార్టీ ఫైవ్ మంచిదా అని పేజీల కొద్దీ తిట్టుకున్నారు. తూటా లావుగా ఉంటే మనిషి ఆగిపోతాడని ఒకడు, సన్నగా ఉంటే తుపాకీలో ఎక్కువ తూటాలు పడతాయని ఇంకొకడు. సగం రోజు చదివాక, మన దేశంలో నైన్ ఎం.ఎం., థర్టీ ఎయిట్ మామూలు జనానికి అమ్మరని, అవి సైన్యానికీ పోలీసులకీ వదిలేశారని తెలిసింది. బావకు మిగిలింది థర్టీ టూ, అంతకంటే చిన్నవి. థర్టీ టూ గురించి అమెరికా వాళ్ళు రాసిందంతా ఎగతాళే.

ఇంట్లో ప్రింటర్ లేదు. బావకు పోస్టులో పంపుదామని కొన్ని పేజీలు ఫ్లాపీలో వేసుకుని సోమవారం ఆఫీసులో ప్రింట్ కొట్టాను. ప్రింట్ అవుతుండగా ఎవరో మీటింగుకు పిలిచారు. వెళ్ళాను. మర్చిపోయాను.

మధ్యాహ్నం టెస్ట్ ల్యాబ్ నుంచి ఒక పెద్దాయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. అరవైకి దగ్గర పడిన ఇంగ్లిష్ మనిషి. ఇద్దరం రెండేళ్ళుగా ఒకే ప్రాజెక్టులో ఉన్నా, సర్క్యూట్ బోర్డుల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకున్నది లేదు. ఆయన చేతిలో నా కాగితాలు.

"ఇవి నీవా?"

అమెరికాలో జంట భవనాలు కూలిన ఆ రోజుల్లో నా రంగు మనిషి కాగితాల్లో పిస్టల్ బొమ్మలు దొరికితే ఏమవుతుందో ఊహించుకోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. వీసా, ఉద్యోగం, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. నావేనన్నాను. ఖాళీగా ఉన్న మీటింగు గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు. నేను తడబడుతూ మొత్తం చెప్పాను: అక్క, బావ, గేదె, కొట్టం గోడ, లైసెన్సు. అంతా విన్నాక ఆయన మొదటి కాగితం మీద వేలు పెట్టి, "ఇది రాసినవాడు తుపాకీ కంటే కీబోర్డు ఎక్కువ వాడి ఉంటాడు. ఇది మీ బావకు పంపకు" అన్నాడు.

ఆయన పాతికేళ్ళు పిస్టల్ క్లబ్బులో గురి పోటీలకు వెళ్ళిన మనిషట. కొన్నేళ్ళ క్రితం ఒకడు బడిలో చొరబడి పిల్లల్ని కాల్చి చంపాక, ఈ దేశంలో చేతి తుపాకులన్నీ నిషేధించినప్పుడు తన మూడు పిస్టళ్ళూ పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పాడు. నిషేధం తప్పని ఆయన అనలేదు, ఒప్పని కూడా అనలేదు. పిల్లలు చనిపోయాక వాదించడానికి తనకు నోరు రాలేదని మాత్రం అన్నాడు. ఇప్పుడు రైఫిల్ ఒక్కటే.

"కాలిబర్ తర్వాత చూద్దాం. ముందు మనిషి గురించి చెప్పు. చేతులు ఎలా ఉంటాయి? కళ్ళద్దాలున్నాయా? ఏం బట్టలు వేసుకుంటాడు? రోజులో ఎంతసేపు బండి మీద ఉంటాడు? నెలకు ఎన్ని తూటాలు కాల్చి సాధన చేయగలడు?"

నాకు ఒక్కదానికీ సరైన జవాబు తెలియదు. ఆయన అడిగినవన్నీ రాసుకుని, ఆ శనివారం ఫోన్ చేశాను. అక్క ఎత్తింది.

"ఏది కొన్నా మంచిది కాదని చెప్పు" అంది. "లండన్‌లో పెద్దపెద్దోల్లని అడిగినానని, అందరూ వద్దంటాండారని చెప్పు. నీ మాటైతే వింటాడు."

"అబద్ధం చెప్పమంటావా అక్కా?"

"అది ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదురా."

"లేకపోతే పడుతుందా?"

అక్క ఫోన్ బావకిచ్చేసింది. నేను ప్రశ్నలు ఒక్కొక్కటే చదివాను. బావ రోగి చరిత్ర చెప్పినట్టు వరసగా చెప్పాడు. దగ్గరి చూపుకు కళ్ళద్దాలు. ప్యాంటు మీద వదులు చొక్కా. రోజుకు నాలుగైదు గంటలు బండి మీద, ఒళ్ళంతా దుమ్ము. కుడి బొటనవేలు పూర్తిగా వంగదు. ఎప్పుడో ఒక ఎద్దు పలుపు తాడు లాగినప్పుడు విరిగి, సరిగా అతుక్కోలేదు. తూటాలు ఏడాదికి కొన్ని మాత్రమే ఇస్తారు, లెక్క చూపించాలి.

తర్వాతి ఆదివారం పెద్దాయన నన్ను తమ క్లబ్బుకు తీసుకెళ్ళాడు. బయటివాళ్ళు వచ్చి చూసే రోజది. చాప మీద బోర్లా పడుకోబెట్టి చిన్న రైఫిల్ చేతికిచ్చాడు. మొదటి నాలుగూ బాగానే కాల్చాను. అయిదోసారి ఆయన నాకు చెప్పకుండా మందు లేని ఉత్త తూటా పెట్టాడు. మీట నొక్కాను. టిక్కుమంది. కానీ రైఫిల్ ముక్కు మాత్రం అంగుళం కిందికి దిగింది. శబ్దం రాకముందే నా భుజం దానికి భయపడి తోసేసింది.

"చూశావా?" అన్నాడు. "ఇంత చిన్న దానికే. పెద్ద తూటా అయితే ఈ భయం ఇంకా పెరుగుతుంది. తగలని పెద్ద తూటా కంటే తగిలే చిన్న తూటా నయం. మీ బావ దేన్ని భయం లేకుండా కాల్చగలడో అదే ఆయన కాలిబర్."

తిరిగి వస్తూ కారులో మిగతాది చెప్పాడు. పిస్టల్ అయితే పై భాగం వెనక్కి లాగాలి, ఆ బొటనవేలితో కష్టం. దుమ్ములో ఇరుక్కునే అవకాశమూ ఉంది. అక్కడ ఎవరో అమ్ముతామంటున్నారని బావ చెప్పిన పాత విదేశీ ట్వంటీ ఫైవ్ పిస్టల్ వద్దు, దానికి తూటాలు దొరకవు. ఇండియా సర్కారు ఫ్యాక్టరీ థర్టీ టూ రివాల్వర్ మేలు. తూటా పేలకపోతే మళ్ళీ మీట నొక్కితే చాలు, తర్వాతిది వస్తుంది. మా ఇంటి ముందు కారు ఆపి, "ఇంకొకటి అడుగు. ఎదురుగా మనిషి నిలబడితే నిజంగా కాల్చగలడా అని. సందేహం ఉంటే ఏ సైజూ పనికిరాదు" అన్నాడు.

అడిగాను. బావ వెళ్ళి తలుపు వేసి వచ్చాడు. కార్డులో నిమిషాలు పోతున్నాయి. "ఊరోల్ల తుపాకీతో పిచ్చి కుక్కల్ని కాల్చినా. మనిషిని... యేమో అప్పా. వచ్చినప్పుడు తెలుస్తాది" అన్నాడు. ఆ మాట పెద్దాయనకు చెబితే, అది నిజాయితీ గల జవాబన్నాడు.

బావ థర్టీ టూ రివాల్వరే కొన్నాడు. చొక్కా కింద, కుడి పక్కన. ప్రతి గతుకుకూ మోచేత్తో తడిమి చూసుకునేవాడని అక్క చెప్పేది. అన్నం తినేటప్పుడు కూడా తీసేవాడు కాదట. సంతలో ఎవరైనా వెనక నుంచి భుజం మీద చెయ్యి వేస్తే ముందు ఆ చేతిని పట్టుకునేవాడట, తర్వాత మొహం చూసేవాడట.

ఆరేడు నెలల తర్వాత ఒక శనివారం బావ తనే మాట్లాడాలని అక్క దగ్గర ఫోన్ తీసుకున్నాడు. ముందురోజు సాయంత్రం ఒక పల్లె నుంచి వస్తుంటే వెనక ఒక మోటారు సైకిలు వెంటపడింది. ఈయన వేగం పెంచితే అదీ పెంచింది. వాగు దాటాక బావ బండి ఆపి, దిగి, రివాల్వర్ తీసి వెనక్కి తిరిగాడు. వచ్చినవాడు బండి వదిలేసి రెండు చేతులూ పైకెత్తాడు. "సార్, ఆవు ఈనలేక సస్తాంది సార్" అని ఏడ్చాడు. ఎక్కడో తెలిసిన ఊరి రైతే. బావ రివాల్వర్ మందుల సంచిలో పడేసి అతని వెంట వెళ్ళాడు. దూడ అడ్డం తిరిగి ఉంది. రెండు గంటలు పట్టింది కానీ తల్లీ పిల్లా బతికాయి.

"నాకు ఒకటే బాధప్పా" అన్నాడు. "గురి పెట్టినప్పుడు చెయ్యి వణకతాదేమో అనుకుంటి. రవ్వంత గూడా వణకలే. ఆ మనిషి ఇంగొక అడుగు ముందుకేసింటే కాల్చేసింటా."

నేను "ఏమీ కాలేదు కదా బావా" అన్నాను. ఎంత పేలవమైన మాటో అంటున్నప్పుడే తెలిసింది.

ఆ వేసవిలో ఎన్నికలొచ్చాయి. లైసెన్సు తుపాకులున్నవాళ్ళంతా వాటిని స్టేషన్‌లో అప్పగించాలి. బావ కూడా ఇచ్చి రసీదు తెచ్చుకున్నాడు. రివాల్వర్ స్టేషన్‌లో ఉండగానే కోర్టులో కేసు వచ్చింది. బావ చూసింది చూసినట్టు చెప్పాడు. ఇద్దరికి శిక్ష పడింది, మూడోవాణ్ణి వదిలేశారు. వదిలేసినవాడు కోర్టు వరండాలో బావ పక్క నుంచే నడిచి వెళ్ళాడట, ఒక్క మాట కూడా అనకుండా. ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో మాకెవరికీ తెలియదు.

ఎన్నికలు అయిపోయాక తుపాకులు తీసుకెళ్ళమని స్టేషన్ నుంచి కబురొచ్చింది. బావ ఈ వారం, వచ్చే వారం అంటూ మూడు నెలలు పొడిగించాడు. చివరికి వెళ్ళి తెచ్చాడు కానీ ఇంటికి కాదు, నేరుగా జిల్లా కేంద్రంలోని తుపాకుల దుకాణానికి తీసుకెళ్ళి అమ్మేశాడు. అక్క ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె గొంతులో సంతోషం వినిపిస్తుందనుకున్నాను. "ఇప్పుడు ఉత్త చేతుల్తో పోతాండాడురా" అంది. అదీ భయమే.

పెద్దాయన ఆ ఏడాదే రిటైర్ అయ్యాడు. చివరి రోజు క్యాంటీన్‌లో టీ తాగుతూ, అమ్మేశాడని చెప్పాను. తల ఊపాడు. "తుడిచి ఇచ్చాడా?" అని అడిగాడు.

నాకు ప్రశ్న అర్థం కాలేదు. తన మూడు పిస్టళ్ళూ స్టేషన్‌లో ఇచ్చే ముందు రోజు మధ్యాహ్నమంతా కూర్చుని, విప్పి, నూనె పెట్టి తుడిచాడట. వాటిని కరిగించేస్తారని తెలిసి కూడా. భార్య నవ్విందట.

పెద్దాయన అడిగిన మాట ఆ శనివారం బావను అడిగాను.

"తుడవకుండా ఎట్లిస్తానప్పా?" అన్నాడు, కొంచెం నొచ్చుకుని. "ఆయనకు చెప్పు."

సోమవారం పెద్దాయన ఇంటికి ఫోన్ చేసి చెప్పాను.