కొంగ బెంచీ ఎందుకు మారింది

ఏడో తరగతిలో ఆ పిల్లని అందరూ పిచ్చుక అనేవాళ్ళు. మనిషి గుప్పెడంత, నోరు మాత్రం ఊరంత. ఒకటో తరగతి నుంచీ పక్కనే కూర్చున్న నేస్తం ఆమెకన్నా జానెడు పొడుగు. అందుకని ఆ నేస్తం కొంగ. ఒకరి డబ్బాలో అన్నం ఇంకొకరు తింటూ ఆరేళ్ళు గడిపారు. అలాంటిది ఒక సోమవారం కొంగ తన సంచీ తీసుకుని, వాలీబాల్ ఆడే పిల్లల బెంచీకి వెళ్ళిపోయింది.

"ఎందుకే?" అని అడిగితే, "ఊరికే" అంది, తల ఎత్తకుండా.

రెండు నెలలు పిచ్చుక తను చేసిన తప్పేమిటో వెతుక్కుంది. కొంగ జామెట్రీ బాక్సు విరగ్గొట్టిన మాట నిజమే. కానీ అది నాలుగో తరగతి నాటి సంగతి.

ఇంట్లో అమ్మా, తనూ ఇద్దరే. అమ్మానాన్నలు విడాకులు తీసుకుని మూడేళ్ళయింది. నాన్న బస్సు డిపోలో మెకానిక్. ఆదివారాలు పిచ్చుక ఆయన దగ్గర. ఏడో తరగతి మొదలయ్యే ముందు వేసవిలో ఆయన ఒక నర్సుని పరిచయం చేసి, "ఈమె నాకు కావలసిన మనిషి తల్లీ" అన్నాడు. పిచ్చుక ఇంటికొచ్చి స్నానాలగది గడియ పెట్టుకుని పొద్దుగూకేదాకా బయటికి రాలేదు.

"నువ్వు మాత్రం ఇలా చెయ్యవుగా?" అంది లోపలినుంచి.

తలుపు అవతల నేలమీద చతికిలబడి ఉన్న అమ్మ, "చెయ్యను. ముందు బయటికి రా" అంది. ఆ మాట పట్టుకుని పిచ్చుక తలుపు తీసింది.

బళ్ళో నీళ్ళ మోటారు కాలిపోయిన రోజున మధ్యాహ్నమే వదిలేశారు. అమ్మ పనిచేసే కళ్ళజోళ్ళ షాపు రెండు వీధుల అవతల. అమ్మని హడలగొడదామని పిచ్చుక చప్పుడు చెయ్యకుండా అద్దాల తలుపు దాకా వచ్చింది. భోజనాల వేళ, షాపులో బేరాల్లేవు. స్టూలు మీద ఒకాయన ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. అమ్మ ఆయన చెవుల వెనక ఫ్రేము సర్దుతోంది. సర్దడం అయిపోయినా చెయ్యి తియ్యలేదు. ఆయన తల వాల్చి ఆ అరచేతిలో చెంప ఆనించాడు. ఎదురుగా ఉన్న నిలువుటద్దంలో ఆయన మొహం కనిపించింది.

కొంగ వాళ్ళ బాబాయి. లిఫ్టులు బాగుచేస్తాడు. ఇద్దరికీ సీటు పట్టుకుని వెనకే పరిగెత్తుతూ సైకిలు నేర్పిన మనిషి!

పిచ్చుక వెనక్కి తిరిగి, బడి మైదానం దాకా పరుగెత్తింది. అక్కడ కొంగ బంతి ఆడుతోంది.

"మీ బాబాయి... మా అమ్మ..." మాట పూర్తి కాలేదు.

కొంగ చేతిలో బంతి జారిపోయింది. "నీకు తెలిసిపోయిందా?"

అద్దంలో చూసినదానికన్నా ఆ ప్రశ్నే పెద్ద దెబ్బ. "అంటే... నీకు ముందే తెలుసా?"

"రెండు నెల్లనుంచి. మా ఇంట్లో అందరికీ తెలుసు. మీ అమ్మ తనే చెప్పుకుంటానని నాతో ఒట్టు వేయించుకుంది. నీ పక్కన కూర్చుంటే నువ్వు గుచ్చిగుచ్చి అడుగుతావ్. నాకా, అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. ఏం చెయ్యనే? లేచిపోయాను."

సాయంత్రం అమ్మ చెప్పులైనా విప్పకముందే పిచ్చుక అడిగింది. "ఇంకా ఎవరెవరికి తెలుసు?"

అమ్మ గోడకి ఆనుకుంది. "మీ నాన్నకి చెప్పాను."

"ఆయనకీ తెలుసా! చెయ్యనన్నావుగా?"

"అన్నాను. నువ్వు తలుపు తీస్తే చాలనిపించింది. అప్పటికి ఆ మాట నిజమే. తర్వాత మారిపోయింది. రోజూ చెబుదామనుకునేదాన్ని, నీ మొహం చూడగానే గొంతులో పచ్చి వెలక్కాయ పడేది."

"నేనేమన్నా రాక్షసినా?"

"కాదు. నేనే పిరికిదాన్ని."

నాలుగు రోజులు ఆ ఇంట్లో "ఊ", "ఊహూ" తప్ప మాట పుట్టలేదు. ఐదోరోజు పిచ్చుక కొంగని బళ్ళో కుళాయి దగ్గర పట్టుకుంది. "ఇప్పుడు దాచేదేం లేదుగా. వచ్చెయ్."

కొంగ కుళాయి కట్టేసింది. "వారంలో రెండ్రోజులు వస్తాను. వాలీబాల్ వాళ్ళు కూడా ఇప్పుడు నా ఫ్రెండ్సే కదే."

పిచ్చుక ఆమె చెవులకేసి చూసింది. అవి ఎర్రబడలేదు.

"మీ అమ్మా, బాబాయీ పెళ్ళి చేసుకుంటే నువ్వు నాకు చెల్లెలివవుతావ్, తెలుసా?" అంది కొంగ.

"నేను నీకన్నా నెల పెద్ద. అక్కా అని పిలువు" అంది పిచ్చుక. నవ్వు రాలేదు గానీ, రాబోయినట్టు అనిపించింది.

ఆ రాత్రి అమ్మకి ఒక్కటే చెప్పింది: "ఇకమీదట ఏదైనా ముందు నాకు చెప్పు. నేను ఏడిస్తే ఏడుస్తాను." అమ్మ తల ఊపింది. తర్వాత, కొంగ వాళ్ళ బాబాయిని, నాన్న దగ్గరికి వెళ్ళే ఆదివారం కాకుండా, శనివారం భోజనానికి పిలవాలనుకుంటున్నానని, అప్పుడే, అక్కడే చెప్పింది.

శనివారం తలుపు తీసింది పిచ్చుకే. గుమ్మంలో ఆయన చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. ఎన్నోసార్లు "ఎప్పుడొచ్చావ్ బాబాయ్" అని మీద పడిన పిల్ల, ఈసారి పక్కకి జరిగి, "రండి" అంది.

ఆ 'అండి'తో ఆయన ఆ ఇంటికి కొత్త మనిషైపోయాడు. చెప్పులు విప్పి, లోపలికి వచ్చి గోడ పక్కన చివరి కుర్చీలో కూర్చున్నాడు.